కట్టె చీలకపోతే తప్పు మిషన్‌దేనా?

మిషిగన్‌లో ఇల్లు కొన్న రెండో చలికాలానికి హాల్లో కట్టెల స్టవ్ పెట్టించాం. పెరట్లో చచ్చిపోయిన యాష్ చెట్లు నాలుగున్నాయి. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడ్డ ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చపురుగు పుణ్యమా అని ఇక్కడ చాలా పెరళ్లలో ఇదే కథ. వాటితో పాటు ఒక ముసలి ఎల్మ్‌ని కూడా కొట్టించి, దుంగలు కోయించి, 5 టన్నుల బలంతో తోసే ఎలక్ట్రిక్ లాగ్ స్ప్లిట్టర్, అంటే నూనె ఒత్తిడితో దుంగని బ్లేడుకి నొక్కి చీల్చే మిషన్, తెచ్చుకున్నాను. యాష్ దుంగలు కొబ్బరికాయల్లా టప్పున పగిలాయి. ఎల్మ్ దగ్గరికొచ్చేసరికి మిషన్ మూలిగి ఆగిపోయింది. రెండు వారాంతాలు మిషన్‌ని తిట్టుకున్నాను. తప్పు దానిది కాదు.

దుంగ సగం చీలి ఆగిపోతోంది

ముందు దుంగని చూడండి. ఎల్మ్‌లో నార తిన్నగా ఉండదు, అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటుంది. పైన పగిలినా లోపల పీచు పట్టుకుని వదలదు. ముడులున్న దుంగలు, కొమ్మలు విడిపోయే పంగ దగ్గరి మొద్దులు ఏ చెట్టువైనా ఇంతే. యాష్, రెడ్ ఓక్ లాంటివి సాధారణంగా తిన్నగా చీలతాయి.

మా ఊళ్లో తుమ్మ మొద్దులు కొట్టే పెద్దాయన గొడ్డలి ఎత్తేముందు మొద్దు చుట్టూ ఒకసారి తిరిగేవాడు. కోసిన ముఖం మీద ఎండకు వచ్చిన పగుళ్లు ఎటు పోతున్నాయో చూసి, ఆ దారినే దెబ్బ వేసేవాడు. మిషన్‌కీ అదే పద్ధతి. బ్లేడు ఆ పగులు మీదికి వచ్చేలా దుంగని తిప్పి పెట్టండి. పెద్ద దుంగని నడిమికి చీల్చాలని పట్టుబట్టకుండా అంచుల నుంచి ఒక్కో పేడు తీసుకుంటూ లోపలికి రండి. ఐదు సెకన్లలో చీలకపోతే లివర్ వదిలేసి, దుంగని తిప్పి మళ్లీ చూడండి. బలవంతంగా నొక్కిపెడితే నూనె వేడెక్కడం, సీళ్లు (నూనె కారకుండా ఆపే రింగులు) పాడవడం తప్ప లాభం లేదు. పచ్చి దుంగలైతే గడ్డకట్టే చలి పడేదాకా ఆగండి. లోపలి నీరు మంచుగడ్డగా మారి, పెళుసుగా పగులుతాయి.

మోటార్ గుయ్‌మంటోంది, బలం లేదు

ఎలక్ట్రిక్ స్ప్లిట్టర్‌లో ఇలా జరిగితే నేను మొదట అనుమానించేది ఎక్స్‌టెన్షన్ కార్డుని. క్రిస్మస్ లైట్లకి వాడే సన్న తీగనే దీనికీ తగిలిస్తాం. 120 వోల్టుల లైన్ మీద 15 ఆంప్స్ లాగే మోటార్‌కి 100 అడుగుల 16 గేజ్ కార్డు వేస్తే, దారిలోనే సుమారు 12 వోల్టులు పోతాయి. పదోవంతు వోల్టేజీ తగ్గితే ఇండక్షన్ మోటార్ తిప్పే బలం దాదాపు ఐదోవంతు పడిపోతుంది. గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావవుతుందని గుర్తుంచుకోండి. 12 గేజ్ కార్డు, అదీ 50 అడుగులకు మించకుండా వాడండి. అదే సర్క్యూట్ మీద గరాజ్ ఫ్రిజ్ ఉంటే బ్రేకర్ పడిపోవడం ఖాయం.

నూనె కారుతోంది, తోసే దిమ్మ జర్కులతో కదులుతోంది

చాలా ఎలక్ట్రిక్ మోడళ్లలో నూనె ట్యాంకు దగ్గర చిన్న గాలి స్క్రూ ఒకటి ఉంటుంది. మిషన్ నడిపేముందు దాన్ని మూడు నాలుగు చుట్లు వదులు చేయాలి, మళ్లీ కదిలించేముందు బిగించాలి. బిగించి ఉండగానే నడిపితే లోపలి గాలికి దారి లేక ఒత్తిడి సీళ్ల మీద పడుతుంది. కొన్న కొత్తలో నేను ఆ స్క్రూని కంపెనీ వాళ్లు సరిగ్గా బిగించలేదనుకుని, రెంచి తెచ్చి మరీ బిగించాను! తర్వాతి శనివారం గరాజ్ నేల మీద నూనె మరక కనిపించింది.

నూనె నురగగా ఉంటే గాలి కలిసినట్టు, పాలలా తెల్లబడితే నీళ్లు కలిసినట్టు. మొదటిదానికి నూనె మట్టం, గొట్టాల బిగింపులు చూస్తే చాలు. రెండోదానికి నూనె మార్చాల్సిందే. ఎక్కడ కారుతోందో చేత్తో తడమకండి. సూది మొనంత రంధ్రంలోంచి వచ్చే హైడ్రాలిక్ నూనె చర్మంలోకి దూరిపోతుంది, అది ఆపరేషన్ దాకా వెళ్లే గాయం. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

దుంగ ఎగిరిపడుతోంది

రెండు చివర్లూ తిన్నగా కోయకపోతే ఇంతే. ఏటవాలు చివరను చైన్‌సాతో సరిచేయండి. రెండు చేతులతో నడపాల్సిన మిషన్‌కి ఒక లివర్‌ని తాడుతో కట్టేసి పని చేసేవాళ్లని చూశాను. వేళ్లు మళ్లీ మొలవవు.

చీలింది, కానీ మండటం లేదు

ఇది స్ప్లిట్టర్ సమస్యే కాదు. కట్టె బుసబుసమంటూ, చివరల నుంచి నీరు కక్కుతుంటే ఇంకా పచ్చిగా ఉన్నట్టు. తేమ 20 శాతం లోపు ఉండాలి. తేమ కొలిచే మీటర్‌ని దుంగ చివర కాకుండా, అప్పుడే చీల్చిన లోపలి ముఖానికి గుచ్చి చూడండి. ఓక్‌కి రెండేళ్లు ఆగే ఓపిక కావాలి.

మిషన్ మీద 27 టన్నులని రాశారు, అంత బలం కనబడదు

కొనేవాళ్లు దీని దగ్గరే మోసపోతారు. టన్నులంటే సిలిండర్ వైశాల్యాన్ని నూనె ఒత్తిడితో హెచ్చవేయగా వచ్చే అంకె. సిలిండర్ లోపలి వ్యాసం 4 అంగుళాలైతే వైశాల్యం 12.56 చదరపు అంగుళాలు. ఒత్తిడి 3,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అనుకుంటే వచ్చేది దాదాపు 37,700 పౌండ్లు. అమెరికా టన్ను 2,000 పౌండ్లు కాబట్టి 19 టన్నులకు కూడా చేరదు. అదే సిలిండర్‌తో 27 టన్నులు రావాలంటే 4,300 పీఎస్ఐ కావాలి. మాన్యువల్‌లో వ్యాసం, ఒత్తిడి రెండంకెలూ చూసి, ఫోన్లో లెక్క వేసుకుని అప్పుడు డబ్బు తీయండి. సెకండ్ హ్యాండ్‌దైతే సిలిండర్‌కి బయట టేపు పెట్టి మోసపోకండి, దాంట్లో గోడ మందం కూడా కలుస్తుంది.

నా లెక్కలో, ఏడాదికి ఒక కార్డ్ కట్టెలు, అంటే 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు పేర్పు, అంతవరకే కాల్చేవాళ్లకి, దుంగలు 10 అంగుళాల లోపు ఉంటే ఎలక్ట్రిక్ చాలు. చప్పుడు తక్కువ, గరాజ్‌లోనే చీల్చుకోవచ్చు. పెట్రోల్ మిషన్‌ని మాత్రం తలుపు తెరిచి ఉన్నా గరాజ్‌లో నడపకండి, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. లావు దుంగలు, ఎల్మ్ మొద్దులు ఏడాదికోసారి పడితే పెద్ద పెట్రోల్ మిషన్ కొనే బదులు ఒక రోజుకి అద్దెకి తెచ్చుకుని, నలుగురు ఇరుగుపొరుగు కలిసి చీల్చుకోవడం మేలు. మేం మొన్న అక్టోబర్లో అదే చేశాం. దానికీ లొంగని పంగ మొద్దులు మూడు మిగిలాయి. వాటిని నిలబెట్టి ఫైర్‌పిట్ చుట్టూ వేశాను, పిల్లలు కూర్చుంటున్నారు.