వానలు పట్టకముందే బయటి గోడకు డ్రిల్లింగ్: చెన్నై ఇళ్లకు జాగ్రత్తలు

ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు మూడో వారంలో మొదలైతే డిసెంబరు దాకా చెన్నైలో బయటి గోడ సరిగ్గా ఆరదు. కిటికీ మీద షేడు, పైపు క్లాంపులు, బాల్కనీ బ్లైండ్లు, ఇవన్నీ సెప్టెంబరులోనే బిగించేయండి. తడి గోడకు కరెంటు మిషను పెట్టకండి, ఎంత అవసరమైనా సరే. మిషను మీద చదరంలో చదరం గుర్తుంటే డబుల్ ఇన్సులేషన్ అని అర్థం. లోపలికి నీళ్లు దిగితే ఆ ఇన్సులేషన్ మిమ్మల్ని కాపాడదు.

మిషను కొనే ముందు గోడ ఏమిటో తెలుసుకోవాలి. కనబడని మూల 5 మి.మీ. బిట్టుతో, హామర్ (కొట్టుడు) మీట ఆపి, చిన్న బెజ్జం వేయండి. పైపూత దాటాక ఎర్ర పొడి రాలితే ఇటుక. తెల్లగా, మెత్తగా రాలుతూ బిట్టు సులువుగా దిగిపోతే ఏఏసీ బ్లాకు, అంటే లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు దిమ్మ. బూడిదరంగు పొడి కొంచెమే వచ్చి బిట్టు దిగనని మొండికేస్తే కాంక్రీటు.

ఇటుకలో 6, 8 మి.మీ. బెజ్జాలకు 13 మి.మీ. చక్ (బిట్టును పట్టుకునే మూతి) ఉన్న మామూలు హామర్ డ్రిల్లు చాలు. అందులో రెండు పళ్ల చక్రాలు ఒకదానిపై ఒకటి ఎక్కి దిగుతూ కొడతాయి, కాబట్టి దెబ్బ బలం మీ చేతి ఒత్తిడి మీదే ఆధారపడుతుంది. బీము, స్తంభం, కాంక్రీటు గోడ అయితే దానితో కుస్తీ పట్టకండి, బిట్టు కాలిపోతుంది. 2 నుంచి 3 జౌల్స్ (దెబ్బ శక్తికి కొలత) ఉన్న ఎస్‌డీఎస్ ప్లస్ (గాడుల బిట్టు పట్టే చక్ రకం) రోటరీ హామర్ తెచ్చుకోండి. అందులో పిస్టన్ గాలిని నొక్కి కొడుతుంది, మీరు గట్టిగా నెట్టక్కర్లేదు. ఒక్క రోజు పనికైతే అద్దెకు తేవడమే మేలు. బిట్టు చక్‌లో కాస్త ముందుకూ వెనక్కూ జరుగుతుంటే కంగారు పడకండి, దాని తీరే అంత. బిట్టు వెనుక భాగానికి పలుచగా గ్రీజు రాయండి. ఏఏసీ, హాలో బ్లాకు, టైలు వీటికి మాత్రం హామర్ వాడకూడదు. తిప్పుడు ఒక్కటే చాలు, లేకపోతే లోపలి గోడ పెచ్చులూడి ప్లగ్గు (స్క్రూ పట్టుకోవడానికి బెజ్జంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టం) పట్టదు.

వైర్ల సంగతి అన్నిటికన్నా ముఖ్యం. స్విచ్ బోర్డు నుంచి నేరుగా పైకీ కిందికీ, పక్కలకూ 15 సెం.మీ. వెడల్పు పట్టీలో బెజ్జం వేయకండి. కుళాయికీ గీజరుకూ పైనా కిందా కూడా అంతే. ఆ గది ఎంసీబీ దించి, మిషనుకు కరెంటు వేరే గది నుంచి తీసుకోండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉంటే పని మొదలుపెట్టే ముందు దాని టెస్టు మీట నొక్కి చూడండి, దిగిపోకపోతే అసలు మొదలుపెట్టకండి. ఎక్స్‌టెన్షన్ రీలు మొత్తం విప్పి పరవాలి. చుట్టలుగా ఉంచితే వేడెక్కి ఇన్సులేషన్ కరుగుతుంది.

కళ్లద్దాలు, ఎన్95 మాస్కు, చెవిప్లగ్గులు మూడూ ఉండాలి. ఇటుక, కాంక్రీటు పొడిలో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. పైట, చున్నీ, లుంగీ అంచు, వదులు చేతి తొడుగులు మిషను దగ్గర ఉండకూడదు. సైడు హ్యాండిలు తప్పక బిగించండి. బిట్టు లోపల బిగుసుకుంటే మిషనే తిరిగి మణికట్టును తిప్పేస్తుంది. నిచ్చెన మీద చేయి చాచి డ్రిల్లు చేయకండి, నిచ్చెననే జరుపుకోండి. కింద ఒకరు పట్టుకోవాలి.

మొదట నెమ్మదిగా, బిట్టు కుదురుకున్నాక వేగంగా తిప్పండి. ప్రతి 2 సెం.మీ.కు బయటికి లాగి పొడి రాల్చండి. వేడెక్కిన బిట్టును నీళ్లలో ముంచితే కార్బైడ్ ముక్కు పగులుతుంది, గాలికే చల్లారనివ్వండి. కాంక్రీటులో 2 నుంచి 4 సెం.మీ. లోతున చప్పుడు మారి, బిట్టు ఉన్నట్టుండి ఆగి, పొడిలో మెరిసే తునకలు కనబడితే ఇనుప కమ్మి తగిలినట్టే. దాన్ని కోయకూడదు, పక్కకు జరగండి.

బెజ్జం ప్లగ్గు పొడవుకన్నా 5 నుంచి 10 మి.మీ. లోతుండాలి. ప్లగ్గు పూతలో ఆగిపోకుండా ఇటుకలోకి దిగాలి, అందుకే పూత మందాన్ని లెక్కలో కలుపుకోండి. లోపలి పొడిని బ్రష్షుతోనో, రబ్బరు బుడ్డితోనో తీసేయండి. పొడి మిగిలితే ప్లగ్గు జారుతుంది, బరువు పడగానే ఊడి వస్తుంది. ఇటుకకు బిగిస్తే లోపల విచ్చుకునే లోహపు యాంకర్లు వద్దు, అంచుకు దగ్గరైతే ఇటుకను చీల్చేస్తాయి. సముద్రపు గాలి తగిలే బెసెంట్ నగర్, తిరువాన్మియూరు వంటి చోట స్టెయిన్‌లెస్ స్టీలులో 316 రకం స్క్రూలే వాడండి.

డాబా నేలకు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ బెజ్జం వేయకండి. షీటు షెడ్డు కాళ్ల కోసం వేసిన నాలుగు బెజ్జాలు కింద పరిచిన వాటర్‌ప్రూఫింగ్‌ను చీల్చి, నవంబరులో పడకగది సీలింగు తడిపేస్తాయి. కాళ్లను పిట్టగోడ లోపలి ముఖానికి క్లాంపులతో బిగించండి. గోడ అవతలికి పోయే పైపు బెజ్జం బయటి వైపు కాస్త కిందికి వాలి ఉండాలి. బయటి గోడకు వేసే ప్రతి బెజ్జంలోనూ ప్లగ్గు పెట్టే ముందే సిలికాన్ సీలెంట్ నింపి, స్క్రూ బిగించాక తల చుట్టూ మరో వరుస పూసి, ఒక రోజు ఆరనివ్వండి.