వంతుల వారీ పరిశోధన బహుమతికి నామినేషన్ ఎలా రాయాలి?

ఏటా ఒక్కో శాస్త్రానికి వంతు వచ్చే బహుమతులు కొన్ని ఉన్నాయి. స్వీడన్ రాయల్ సైన్సెస్ అకాడమీ ఇచ్చే క్రాఫోర్డ్ బహుమతి 1982 నుంచి ఇలాగే నడుస్తోంది: ఒక ఏడు గణితం, ఖగోళం, మరో ఏడు భూశాస్త్రం, ఇంకో ఏడు జీవశాస్త్రం. మీ కాలేజీ పెట్టే చిన్న బహుమతికైనా రాసే పద్ధతి ఇదే.

ముందు ఈ ఏడు వంతు ఎవరిదో చూడండి. కడప జిల్లా వేంపల్లె డోలమైట్ రాళ్లలోని స్ట్రోమటోలైట్ల (పూర్వకాలపు సూక్ష్మజీవుల వల్ల పొరలు పొరలుగా ఏర్పడిన రాతి ఆకారాల) మీద పని చేసినవాళ్లు భూశాస్త్రంలోనూ పడతారు, జీవశాస్త్రంలోనూ పడతారు. మీ ప్రశ్న రాయి గురించా, అందులో బతికిన సూక్ష్మజీవుల గురించా అన్నది తేల్చుకుని అటే వెళ్లండి. తన పేరు తానే పంపుకోవచ్చో లేదో కూడా చదవండి. నోబెల్‌కైతే కుదరదు.

బయోడేటా రెండు పేజీలు. వ్యాసాలు ఐదే, ఆరోది వద్దు. సిఫార్సు లేఖలు నెల ముందే అడగండి.

అసలు చిక్కంతా "మీరు కొత్తగా ఏం కనుక్కున్నారు?" అనే అర పేజీ దగ్గరే. అనంతపురంలో నా దగ్గరికి వచ్చే కాగితాల్లో ఎక్కువ ఇక్కడే చెడిపోతాయి. థీసిస్ సారాంశాన్ని తెచ్చి అతికిస్తారు. "జీవవైవిధ్య పరిరక్షణలో వినూత్న పద్ధతులతో విశేష కృషి" అని రాస్తారు. ఈ వాక్యం ఎవరి పేరు కిందైనా సరిపోతుంది, అందుకే ఎవరికీ పనికిరాదు.

మన కలివి కోడినే తీసుకోండి. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిందనుకున్న పక్షి. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే పక్షి కాబట్టి ఎక్కడెక్కడ ఉందో తెలుసుకోవడం కష్టం. తర్వాత వచ్చిన పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి కాలిగుర్తులు పడేలా చేశారు, ఆటోమేటిక్ కెమెరాలూ పెట్టారు. ఇలా రాయాలి: అంతకుముందు ఏం తెలియదు, ఏం చేశారు, ఇప్పుడు ఏం తెలిసింది. మూడే ముక్కలు, ఈ వరుసలోనే.

వంతుల బహుమతిలో ఇది మరీ ముఖ్యం. భూశాస్త్రం వంతు వచ్చినప్పుడు మీ కాగితం చదివేది సముద్రాల మీదో అగ్నిపర్వతాల మీదో పని చేసిన మనిషి కావచ్చు. మీ రంగంలోని పొట్టి పేర్లు ఆయనకు తెలియవు. ఈసారి పోతే మళ్లీ మీ వంతుకు ఏళ్లు పడుతుంది.

అందుకే ఆ అర పేజీ ముందు తెలుగులో, పెన్నుతో రాయండి. కంప్యూటర్ ముందు కూర్చుంటే చేయి పాత ఫైలు మీదికే పోతుంది. తెలుగులో చెప్పలేకపోతే, ఇంగ్లీషులో దాచి పెడుతున్నారనే అర్థం. రాశాక వేరే డిపార్ట్‌మెంట్ వాళ్లకు చదివి వినిపించి, వాళ్లనే తిరిగి చెప్పమనండి. వాళ్లు తడబడిన వాక్యం కొట్టేసి మళ్లీ రాయండి. మీ గైడుకు మాత్రం వినిపించకండి, ఆయనకు ముందే అంతా తెలుసు.

తర్వాత ఇంగ్లీషులోకి మార్చి, పీడీఎఫ్ చేసి, గడువుకు రెండు రోజుల ముందే పంపండి. లేఖలు రాసేవాళ్లకు అదే రోజు ఫోన్ చేసి, వాళ్లవి చేరాయో లేదో కనుక్కోండి.