పూల మీద లెక్క – 4వ పాఠం: బీరపాదు దగ్గర సున్నా

పోయిన పాఠంలో పది పూలు ఎంచుకుని, పది నిమిషాలు కదలకుండా కూర్చుని, వాలిన పురుగులను లెక్కపెట్టమన్నాను. వచ్చిన లెక్కల్లో సగం బీరపాదువే. ఉదయం తొమ్మిదికీ పదికీ మధ్య తీసినవి. అన్నీ సున్నాలే. చీపురుపల్లి నుంచి ఒకాయన సున్నా కింద రెండు గీతలు గీసి "తేనెటీగలు అంతరించిపోయాయి మాస్టారూ" అని రాశారు. బొబ్బిలి నుంచి ఒకమ్మాయి మాత్రం "పువ్వే వాడిపోయి ఉంది, ఎక్కడ వాలుతుందండీ?" అని అడిగింది. ఈ పాఠమంతా ఆ పిల్ల ప్రశ్నకే.

తప్పులో నా వాటా ఉంది. బీర సాయంత్రం విచ్చుకుంటుందని అందరికీ తెలుసనుకుని వదిలేశాను.

బీర, ఆనప పొద్దు వాలాక పూస్తాయి, మర్నాటికి వాడిపోతాయి. వాటి దగ్గర ఎక్కువ పని రాత్రి తిరిగే రెక్కల పురుగులది, మన దీపం చుట్టూ ముసిరే జాతివి. గుమ్మడి, దోస, కాకర తెల్లారగట్ల విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుస్తాయి. పేరులో బీర ఉంది కదా అని నేతిబీర దగ్గర సాయంత్రం కూర్చునేరు, అది పొద్దున్నే పూస్తుంది. వంగది ఇంకో తంటా. దాని పుప్పొడి కేసరాల కొసన ఉన్న సన్నటి రంధ్రాల్లోంచి రావాలి. గండుతుమ్మెద పువ్వును పట్టుకుని ఝుమ్మని ఒళ్లు అదిరిస్తేనే బాగా రాలుతుంది. మన తేనెటీగకు ఆ విద్య లేదు. కాబట్టి వంగపూల మీద వాలిందల్లా పనివాడు కాదు.

ఇక నాకు ఒళ్లు మండే సంగతి. "కనబడలేదు" వేరు, "లేదు" వేరు. సున్నా రాయండి, కాని దాని పక్కన వేళ, ఎండా మబ్బా, ఆ వారం పురుగుమందు కొట్టారా, ఇవన్నీ ఉండాలి. ఇవి లేని సున్నా నాకు పనికిరాదు. తగ్గాయి అనాలంటే అదే పాదు, అదే వేళ, అదే పది నిమిషాలు, నిరుటి లెక్క పక్కన పెట్టుకోవాలి. 2019లో ఐపీబీఈఎస్ అనే, జీవవైవిధ్యం సంగతి చూసే అంతర్ ప్రభుత్వ వేదిక సుమారు 10 లక్షల జంతు, వృక్ష జాతులకు అంతరించే ముప్పు ఉందని చెప్పింది. ఆ మాట ఒక పొద్దుట పందిరి కింద కూర్చుని చెప్పింది కాదు. నేనూ ఇక్కడే దెబ్బతిన్నాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానాన్ని ఊడ్చేసింది. కూలిన కొబ్బరిచెట్లను లెక్కపెట్టగలిగాం. జీడిపూత మీద అంతకు ముందు ఎన్ని ఈగలు వాలేవో నా పుస్తకంలో లేదు. ఇప్పుడు ఎంత కూర్చున్నా దేనితో పోల్చను?

మందు సంగతి ఒక్క ముక్క. పగటి తేనెటీగలకు తగలకుండా సాయంత్రం కొట్టమంటారు. గుమ్మడికి సరే. అదే చేత్తో బీరకూ కొడితే రాత్రి కూలీల మీద పోసినట్టే.

అభ్యాసం. కష్టమే, చెయ్యండి. బీరలో ఆ సాయంత్రం విచ్చుకోబోయే ఆడమొగ్గలు (అడుగున పిందె ఉన్నవి) తొమ్మిది కావాలి. ఒక్కరోజే దొరకవు, వారం పట్టనీండి. మూడింటిని మధ్యాహ్నమే పాత దోమతెర ముక్కతో మూసి కట్టండి. మూడింటిని అలాగే వదిలేయండి. మిగతా మూడింటినీ మూసి, పువ్వు విచ్చుకున్నాక తీసి, అప్పుడే విచ్చుకున్న మగపువ్వును మీరే రాసి, మళ్లీ మూయండి. రెండు రోజులకు తెరలన్నీ విప్పేయండి. వారంలో పసుపెక్కి రాలిన పిందెలెన్ని, సాగినవెన్ని, మూడు గుంపులకూ విడివిడిగా రాయండి. వదిలేసినవి మీరు రాసినవాటితో సమానంగా కాస్తే, మీ పెరట్లో రాత్రి కూలీలు ఇంకా పనిలో ఉన్నట్టు. వెనకబడితే తేడా ఎంతో నాకు పంపండి.

టార్చికి ఎర్ర గాజుకాగితం చుట్టుకోండి. తెల్ల వెలుగు వేస్తే పురుగు పువ్వును వదిలి మీ దగ్గరకే వస్తుంది, దాన్ని లెక్కలో వేయకండి.