ఆరుబయట చిత్రీకరణకు ముందు: గాలి హోరు తగ్గించే జాగ్రత్తలు

• హెడ్‌ఫోన్లు పెట్టుకుని అరనిమిషం రికార్డు చేసి వినండి. లెవల్ మీటర్ (ధ్వని స్థాయిని చూపే సూచీ) కదిలినంత మాత్రాన ధ్వని బాగున్నట్టు కాదు.

• మైకుకు బొచ్చు తొడుగు వేయండి. స్పాంజి తొడుగు పిల్లగాలికి మాత్రమే సరిపోతుంది. బొచ్చు పోగులు గాలి వేగాన్ని మైకు దాకా రాకముందే తగ్గిస్తాయి. తడిసి అతుక్కుపోయిన బొచ్చు దండగే, ఆరబెట్టి దువ్వండి.

• లో కట్ ఫిల్టర్ (తక్కువ పౌనఃపున్యాల ధ్వనిని కోసేసే అమరిక) ఆన్ చేయండి. హోరు ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాల్లోనే ఉంటుంది. 80 హెర్ట్జ్ కింద కోసినా మాటకు పెద్దగా నష్టం లేదు.

• ఆటో గెయిన్ (ధ్వని స్థాయిని పరికరమే సర్దే అమరిక) వద్దు. మాట ఆగగానే అది హోరును పైకి లాగుతుంది. గట్టి మాటలు లెవల్ మీటర్‌లో -12 డెసిబెళ్ల దగ్గర ఉండేలా మీరే సర్దండి. స్థాయి మించి పగిలిన ధ్వనిని ఎడిటింగ్‌లో బాగుచేయడం చాలా కష్టం.

• జూమ్ చేస్తే బొమ్మే దగ్గరవుతుంది, మాట కాదు. మైకునే దగ్గరికి జరపండి.

• మైకు బ్యాటరీ చూశారా?