కాలేజీ ఫుట్‌బాల్ పిల్లోళ్లకి ర్యాంకు ఎట్లా ఇయ్యాల

అనంతపురంలో కాలేజీ మ్యాచ్‌లు చూసి ర్యాంకులు రాయాలంటే ముందు గోల్స్ లెక్క పక్కన పెట్టండప్పా, ఒక్క మ్యాచ్‌తో తేల్చొద్దు, మూడన్నా చూడాల. బాల్ కాలికి రాకముందే తల తిప్పి వెనకాల ఎవరున్నారో చూస్తాండాడా, నాకైతే అదే ముఖ్యం. మొన్న ఎర్రమట్టి గ్రౌండ్‌లో ఒక బక్కపిల్లోడు, లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమపక్క డిఫెన్స్ ఆడేటోడు, బాల్ వచ్చేలోపు రెండుసార్లు భుజం మీంచి చూసినాడు, ఎగిరొచ్చిన బాల్‌ని ఒక్క టచ్‌తో ఆపి ఎదురోన్ని దాటేసినాడు, వాన్ని గోల్ కొట్టినోడికన్నా పైన రాసుకున్నా.

17 ఏళ్లోన్ని 21 ఏళ్లోనితో బలంలో పోల్చొద్దు, పేరు పక్కనే వయసు రాయండి. 90 నిమిషాల ఆటలో 70 దాటినాక, ఎండకి అందరూ డీలా పడినప్పుడు, బాల్ పోగొట్టుకున్నోడు వెనక్కి పరిగెత్తుతాండాడా చూడండి. గోల్‌కీపర్లకి వేరే లిస్టు పెట్టుకోండి.