బిట్‌క్యూరేటర్ వర్చువల్ మెషిన్: ఎక్కడెక్కడ మొరాయిస్తుంది, ఏం చేయాలి

పాత హార్డ్ డిస్కులు, పెన్ డ్రైవుల్లో ఉన్నదాన్ని ఉన్నట్టుగా కాపీ తీసి దాచుకోవడానికి లైబ్రరీలు, ఆర్కైవ్‌లు వాడే ఉచిత టూల్స్ మూట బిట్‌క్యూరేటర్. అమెరికాలో నార్త్ కరోలినా, మేరీలాండ్ యూనివర్సిటీల వాళ్లు 2011లో మొదలుపెట్టారు. ఇది ఉబుంటు మీద నడుస్తుంది కాబట్టి విండోస్ ల్యాప్‌టాప్ ఉన్న మనలాంటివాళ్లం వర్చువల్‌బాక్స్‌లో, అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని (వర్చువల్ మెషిన్‌ని) నడిపే ప్రోగ్రామ్‌లో, పెట్టుకుంటాం. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

మెషిన్ స్టార్టే కాదు

స్టార్ట్ నొక్కగానే వీటీ-ఎక్స్ (ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సదుపాయం) గురించి ఎర్రర్ వస్తుంది, లేదా 64 బిట్ ఆప్షనే కనబడదు. చాలాసార్లు కారణం ఒక్కటే, బయాస్‌లో, అంటే విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగుల్లో, వర్చువలైజేషన్ ఆఫ్‌లో ఉండటం. ఇంటెల్ అయితే వర్చువలైజేషన్ టెక్నాలజీ, ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్ ఆన్ చేయండి.

స్టార్ట్ అవుతుంది, కానీ నత్తనడక

విండో అడుగున కుడివైపు చిన్న బొమ్మల వరస చూడండి. అక్కడ ఆకుపచ్చ తాబేలు కనిపిస్తే విండోస్ వాడి సొంత వర్చువల్ మెషిన్ సదుపాయం హైపర్-వీ అడ్డొస్తోందని అర్థం. విండోస్ ఫీచర్స్‌లో హైపర్-వీ, వర్చువల్ మెషిన్ ప్లాట్‌ఫామ్ టిక్కులు తీసేసి రీస్టార్ట్ చేయండి. అయినా తాబేలు పోకపోతే విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద ఉన్న మెమరీ ఇంటెగ్రిటీని ఆఫ్ చేసి చూడాలి. అది భద్రత కోసం పెట్టినది కాబట్టి పని అయ్యాక మళ్లీ ఆన్ చేసుకోండి.

షేర్డ్ ఫోల్డర్ కనిపిస్తుంది, తెరుచుకోదు

విండోస్, మెషిన్ రెండూ పంచుకునే ఫోల్డర్ ఇది. పర్మిషన్ గొడవ. లోపలి ఉబుంటులో మీ యూజర్‌ని వీబాక్స్‌ఎస్ఎఫ్ గ్రూప్‌లో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ రండి. ఆ లాగౌట్ మర్చిపోయి నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

ఇమేజ్ సగంలో ఆగిపోతుంది

డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా (ఇమేజ్‌గా) కాపీ తీసే టూల్ గైమేజర్‌లో 500 జీబీ డిస్కుని 50 జీబీ వర్చువల్ డిస్కులోకి దింపుతుంటే ఆగక ఏం చేస్తుంది? వర్చువల్ డిస్కుని పెంచవచ్చు కానీ, పెంచాక లోపల పార్టిషన్ కూడా జీపార్టెడ్‌తో పెంచాలి. ఆ యాతన ఎందుకు, ఇమేజ్‌ని నేరుగా ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి పంపండి.

నిన్నటి హ్యాష్, ఇవాళ్టి హ్యాష్ కలవవు

హ్యాష్ అంటే డిస్కులో ఉన్నదాని నుంచి లెక్కకట్టే వేలిముద్ర లాంటి సంఖ్య, లోపల ఒక్క బిట్ మారినా ఇదీ మారుతుంది. అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. ఫైళ్లు ఏవీ ముట్టుకోలేదు, అయినా అదే పెన్ డ్రైవుకి ఎస్‌హెచ్ఏ-256 అనే హ్యాష్ వేరే వస్తుంది. కారణం టూల్‌లో లేదు. పెన్ డ్రైవు గుచ్చగానే వర్చువల్ మెషిన్ కంటే ముందు విండోస్ చూస్తుంది. చూసి ఊరుకోదు, సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే దాపుడు ఫోల్డర్ ఒకటి రాసిపెడుతుంది. లినక్స్ కూడా అమాయకురాలేమీ కాదు. ఎక్స్ట్4 (లినక్స్ వాడే ఫైల్ సిస్టమ్) డిస్కుని చదవడానికి మాత్రమే, అంటే రీడ్ ఓన్లీగా, మౌంట్ చేసినా, పాత జర్నల్ (పూర్తికాని మార్పుల చిట్టా) మిగిలి ఉంటే దాన్ని డిస్కులోకి ఎక్కించేస్తుంది.

దీనికి సరైన మందు హార్డ్‌వేర్ రైట్ బ్లాకర్. డిస్కుకీ కంప్యూటర్‌కీ మధ్య పెట్టే ఈ పెట్టె చదవనిస్తుంది, రాయనివ్వదు. వర్చువల్‌బాక్స్ యూఎస్‌బీ ఫిల్టర్ పెట్టుకుంటే డ్రైవు నేరుగా మెషిన్‌లోకి వెళ్తుంది, సౌకర్యమే కానీ రైట్ బ్లాకర్‌కి అది బదులు కాదు. గైమేజర్‌లో కాపీ అయ్యాక ఇమేజ్‌ని సరిచూసే టిక్కు, సోర్స్‌ని మళ్లీ చదివే టిక్కు రెండూ పెట్టండి. టైమ్ రెట్టింపు దాటుతుంది, కానీ తేడా అప్పుడే బయటపడుతుంది. ఒకసారి డ్రైవు మారిపోయాక ఏ సెట్టింగూ దాన్ని వెనక్కి తేదు. మారిన సంగతి, తేదీ రాసిపెట్టుకుని ముందుకెళ్లాలి.

ఇమేజ్‌లో తెలుగు వెతికితే ఏమీ దొరకదు

ప్రింటింగ్ ప్రెస్సుల పాత డిస్కులతో ఇది మామూలే. పేజీలు కూర్చే పాత ప్రోగ్రామ్ పేజ్‌మేకర్ ఫైళ్లలో తెలుగు యూనికోడ్‌లో (ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరు ఇచ్చే పద్ధతిలో) ఉండదు. అను లాంటి ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు బొమ్మలు పెట్టుకున్నాయి. అందుకే సెర్చ్‌లో 'రైతు' అని కొడితే సున్నా, ఫాంట్ లేకుండా తెరిస్తే పిచ్చి గీతలు. ఫైలు పాడైందనుకుని పారేయకండి. డిస్కులో ఫాంట్స్ ఫోల్డర్ ఉంటే దాన్నీ ఫైళ్లతోపాటే దాచండి. యూనికోడ్‌కి మార్చిన కాపీని వేరే ఫోల్డర్‌లో పెట్టండి, అసలు దాని పక్కన కలపొద్దు.