మొక్కల రంగులున్న క్రీమ్‌ను ముఖానికి ఎలా వాడాలి?

క్యారెట్‌లోని బీటా కెరోటిన్, టమాటాలోని లైకోపీన్, పసుపులోని కర్కుమిన్, నల్లద్రాక్ష తొక్కలోని ఆంథోసయనిన్లు మొక్కలకు రంగునిచ్చేవే కాదు, యాంటీఆక్సిడెంట్లు (కణాలను దెబ్బతీసే చర్యల్ని అడ్డుకునే పదార్థాలు) కూడా. అందుకే సీరమ్‌లలో, క్రీముల్లో కలుపుతున్నారు. మొక్క నుంచి వచ్చింది కదా, ఏమీ కాదులే అనుకోకండి. కర్కుమిన్ పడక దద్దుర్లు వచ్చేవాళ్లూ ఉన్నారు.

1. లేబుల్ చదవండి. వర్ణకం (రంగునిచ్చే పదార్థం) పేరు పక్కన "సిఐ 75300" (కర్కుమిన్), "సిఐ 75130" (బీటా కెరోటిన్) లాంటి సంఖ్య (సిఐ అంటే కలర్ ఇండెక్స్, రంగులకిచ్చే సంఖ్యల పట్టిక) ఉంటే, దాన్ని రంగు కోసం కలిపారని అర్థం. అలాంటి క్రీమ్ నుంచి చర్మానికి పెద్ద మేలు ఆశించకండి.

2. సీసా చూడండి. ఈ వర్ణకాలు వెలుతురుకీ గాలికీ తట్టుకోలేవు. మూత తీసి వేలు ముంచే డబ్బా కన్నా, వెలుతురు చొరని పంపు సీసా నయం. ఇంటికి తెచ్చాక రంగు మీద ఓ కన్నేసి ఉంచండి. కెరోటిన్ పాడైతే వెలిసిపోతుంది. ఆంథోసయనిన్ ఆమ్లంలో ఎర్రగా, క్షారంలో నీలంగా మారుతుంది. కొన్నప్పటి రంగు మారినా, వాసన తేడాగా ఉన్నా వాడొద్దు.

3. ముఖానికి రాసే ముందు పరీక్షించండి. మోచేతి మడత దగ్గర చిన్న చోట రోజుకు రెండుసార్లు, 7 నుంచి 10 రోజులు రాయండి. ఇన్ని రోజులా అనిపిస్తుంది కానీ, కొన్ని అలర్జీలు ఆలస్యంగానే బయటపడతాయి. బంతి, చామంతి జాతి పూలు పడనివాళ్లు వాటి సారాలున్న క్రీములతో మరీ జాగ్రత్త.

4. ఉదయం ముఖం కడిగాక పలుచగా రాసి, ఆరనిచ్చి, పైన ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువున్న సన్‌స్క్రీన్ తప్పక రాయండి. ఈ క్రీములు సన్‌స్క్రీన్‌కు తోడు మాత్రమే. కర్కుమిన్ ఉంటే దిండు గలీబులకు మరక అంటుకోవచ్చు.

నిమ్మరసం కలిపి ఇంట్లోనే తయారు చేసుకుందామనే ఆలోచన మాత్రం మానేయండి. నిమ్మరసంలోని ఫ్యూరోకూమరిన్లు అనే రసాయనాలు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి, నెలల తరబడి నల్లమచ్చలు మిగులుస్తాయి.

క్రీముతో పాటు బీటా కెరోటిన్ మాత్రలూ వేసుకుందామనుకునే పొగతాగేవాళ్లకు ఒక మాట. 1994లో వెలువడిన ఫిన్లాండ్ అధ్యయనంలో, ఆ మాత్రలు వేసుకున్న పొగతాగేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది. డాక్టర్ని అడగకుండా వాటి జోలికి వెళ్లకండి.

క్రీమ్ రాశాక మంట, దురద, ఎరుపు వస్తే వెంటనే చల్లటి నీళ్లతో కడిగి ఆపేయండి. తగ్గకపోతే చర్మవైద్యుడికి చూపించండి. సీసా కూడా వెంట తీసుకెళ్లండి. పెదవులు, కళ్లు వాచినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.